ఎవరి బల్ల మీద ఆగింది?

“పద్నాలుగో లైను చివర ఒక స్పేసు ఎక్కువగా ఉంది. సరిచేసి మళ్లీ పంపండి.”

ఈ రెండు ముక్కల కోసం ఆమె ఇరవై ఆరు రోజులు ఎదురుచూసింది. చదవగానే అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలో ఉన్న టీ గ్లాసును బల్ల మీద ఎంత గట్టిగా పెట్టిందంటే, పక్క గదిలో బట్టలు మడతపెడుతున్న మరదలు పరుగెత్తుకొచ్చింది.

“ఏమైంది వదినా?”

“స్పేసు ఎక్కువైందట.”

“మన ఇంట్లోనా? ఎవరన్నారు? ఓసారి వచ్చి చూడమను. ఈ మంచం జరిపితే గానీ ఆ తలుపు తెరుచుకోదు.”

ఇంకో రోజైతే నవ్వేదే. ఆ రోజు నవ్వు రాలేదు. తను రాసి పంపిన ప్రోగ్రాము మార్పు ఇలా వెనక్కి రావడం ఎనిమిది నెలల్లో ఇది పదకొండోసారి. మొదటిసారి ఒక పేరు పొడుగైందన్నారు. దాన్ని కత్తిరిస్తే, మరీ పొట్టిదైందన్నారు. ఆ తర్వాత కామా అన్నారు, ఖాళీ లైను అన్నారు. అసలు ఈ మార్పు ఏం చేస్తుంది, ఎవరికి కావాలి అని అడిగిన పాపాన మాత్రం ఒక్కరూ పోలేదు.

ఆమెను అందరూ చెకింగక్క అంటారు. చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో పందొమ్మిదేళ్లు చెకింగ్ బల్ల దగ్గర నిలబడింది. కుట్టిన చొక్కాను తిరగేసి, చంకల దగ్గర లాగి చూసి, వదులు కుట్టు కనపడితే సుద్దతో గీత పెట్టడం ఆమె పని. ఫ్యాక్టరీ మూతపడి ఏడేళ్లయింది. పేరు మాత్రం మూతపడలేదు. ఇప్పుడు పేటలోని లైబ్రరీలో ఎనిమిది పాత కంప్యూటర్లను చూసుకుంటుంది. మధ్యాహ్నం జనం పలచబడ్డాక వాటి ముందే కూర్చుని, అట్టలూడిన పుస్తకాలు తిరగేస్తూ, అయిదేళ్లపాటు ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంది. వయసు నలభై ఆరు. ఎవరైనా “ఈ వయసులో ఎందుకక్కా” అంటే, “కుట్టు చదివినదాన్ని, కోడ్ చదవలేనా?” అనేది.

ఆమె నేర్చుకున్నది తమ్ముడి కోసం.

తమ్ముడికి పద్నాలుగో ఏట చూపు పోయింది. పెద్దాసుపత్రి టెలిఫోన్ గదిలో తొమ్మిదేళ్లుగా టెంపరరీ ఆపరేటరు. నాలుగు వందల ఎక్స్‌టెన్షన్ నంబర్లు నోటికి వచ్చు. ఏ డాక్టరు ఏ వార్డులో ఉంటాడో డాక్టరు భార్య కంటే తనకే బాగా తెలుసని జోకులేస్తాడు. కంప్యూటర్ తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. అతనికి కళ్లు అదే. ఎవరి సొత్తూ కాదది. ఓపెన్ సోర్స్. దాని కోడ్ మొత్తం నలుగురి ముందూ పరిచి ఉంటుంది. ఎవరైనా చదవచ్చు, ఎవరైనా బాగుచేసి పంపచ్చు. “ఎవరైనా” అని మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో రాసి పెట్టారు. చెకింగక్క ఆ మాట నమ్మింది.

పోయినేడాది ఆసుపత్రిలో పోస్టులు పర్మనెంట్ చేయడానికి కంప్యూటర్ మీద పరీక్ష పెట్టారు. గంటసేపు. తెర పైమూలన మిగిలిన సమయం సెకను సెకనుకూ మారుతూ ఉంటుంది. చూపున్నవాళ్లకు అదొక మూలన పడి ఉంటుంది, అంతే. తమ్ముడి చెవిలో మాత్రం సాఫ్ట్‌వేర్ ప్రతి సెకనూ అదే చదివింది. యాభై తొమ్మిది నిమిషాల యాభై ఎనిమిది. యాభై తొమ్మిది నిమిషాల యాభై ఏడు. ప్రశ్నలో మొదటి మాట వినపడేలోగా గడియారం అడ్డొచ్చేది. గంటసేపు గడియారం విని ఇంటికొచ్చాడు.

“టైమెంతైందో ఆ హాల్లో నా అంత బాగా తెలిసినోడు ఎవడూ లేడక్కా,” అన్నాడు గుమ్మంలోనే.

ఈ ఏడు మళ్లీ పరీక్ష ఉంది. అతనికి ముప్పై తొమ్మిది నిండాయి. నలభై దాటితే రాయనివ్వరు. అంటే ఇదే ఆఖరు. చెకింగక్క తొంభై లైన్లు రాసింది. గడియారం తనంతట తాను మాట్లాడదు, మీట నొక్కి అడిగితేనే చెబుతుంది. అంతే ఆ మార్పు. ఎనిమిది నెలల కిందట పంపింది. పరీక్ష ఇంకో ఏడు వారాల్లో ఉంది. సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ అయిదు వారాల్లో విడుదలవుతుంది. ఆమె మార్పు అందులో ఎక్కకపోతే తమ్ముడు మళ్లీ గడియారం వినాలి.

ఎక్కాలంటే కోడ్ రివ్యూ దాటాలి. ఒకరు రాసింది ఇంకొకరు చదివి, తప్పుంటే చెప్పి, లేకపోతే ఓకే కొట్టడాన్నే అలా అంటారు. ఓకే కొట్టే అధికారం ముగ్గురికుంది. మొదటివాడు, పద్దెనిమిదేళ్ల కిందట ఈ సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టినాయన. అందరూ పెద్దాయన అంటారు. రెండోది, రిటైరైన లెక్కల టీచరమ్మ. మూడోవాడు ఒక డాక్టరు. రెండేళ్లుగా ఆయన జాడ లేదు. నవ్వుతున్న ఫొటో మాత్రం మొదటి పేజీలో ఉంది.

చొక్కాల ఫ్యాక్టరీలో ముక్క ఆగిపోతే ఎక్కడ ఆగిందో వెతికేవాళ్లు. ఆమె అదే పని చేసింది. లైబ్రరీకి సెలవున్న సోమవారం, తమ్ముణ్ని వెంటబెట్టుకుని వెళ్లి తాళం తీసింది. ఓకే పడకుండా ఆగిపోయిన మార్పులన్నీ ఒక్కొక్క చీటీ మీద అచ్చు తీసింది. నూట అరవై మూడు. బల్లలు గోడవారకు జరిపి, చదివే హాలు నేలంతా చీటీలు పరిచింది. ఏ మార్పు ఎప్పుడొచ్చింది, ఎప్పుడెప్పుడు ఎవరేమన్నారు, ఆ తర్వాత వరుసలో ఎక్కడికి పోయింది, ఒక్కొక్కటీ పైకి చదువుతూ సుద్దతో నేల మీద గీతలు గీసింది. తమ్ముడు కుర్చీలో కూర్చుని విన్నాడు. నంబర్లు అతని తలలోంచి జారిపోవు.

డెబ్బయ్యో చీటీ దగ్గర చేయెత్తాడు. “అక్కా, ఆగాగు. పదిహేడోది ఇందాక ముందుంది కదా?”

“ఉంది. కామా సరిచేయమన్నారు, చేశాడు.”

“చేశాక?”

“చివరికి పోయింది.”

“ముప్పై రెండోది కూడా అంతే. నలభై ఆరు కూడా. సరిచేసి పంపిన ప్రతిదీ వరుస చివరికే పోతోంది చూడు. చెయ్యి పడగానే తోకలోకి.”

ఆమె నేల మీదే చతికిలబడింది. నిజమే. కంప్యూటర్ ఆ జాబితాను ఆఖరుసారి ముట్టుకున్న తేదీ ప్రకారం పేరుస్తోంది. పెద్దాయన ప్రతి ఆదివారం పైనుంచి నలభై యాభై తీసి చూస్తాడు. ఒక స్పేసు తీసేయమంటాడు. చెప్పినమాట విని తీసేసినవాడు నూట అరవై మూడో మనిషవుతాడు. మళ్లీ వాడి వంతు వచ్చేసరికి నెల. అప్పుడు ఒక కామా. ఎంత బుద్ధిమంతుడైతే అంత వెనక్కి. ఎవరూ కుట్రపన్ని పెట్టిన పద్ధతి కూడా కాదది. పద్దెనిమిదేళ్లుగా ఎవరూ చూడలేదంతే. ఎందుకు చూస్తారు? పెద్దాయన స్నేహితులు వరుసలో నిలబడరు కదా. వాళ్ల మార్పులు కూడా లెక్క తీసింది చెకింగక్క. సొంతంగా ఒక మెసేజ్ పెడతారు, గంట తిరక్కుండా ఓకే పడుతుంది. స్పేసులున్నా పడుతుంది.

“పైవాళ్లకి స్పేసు అడ్డం రాదు కాబోలు,” అన్నాడు తమ్ముడు.

ఆమె చేతిలోని సుద్దముక్క వేళ్ల మధ్య పొడైపోయింది.

మర్నాడు అందరూ చదివే చోట ఒక ఉత్తరం పెట్టింది. మర్యాదగా రాద్దామనే మొదలుపెట్టింది. మూడో వాక్యానికే మర్యాద అయిపోయింది. “ఎవరైనా రావచ్చని గుమ్మం మీద రాశారు. వచ్చినవాళ్లని గుమ్మంలోనే నిలబెట్టి, చెప్పులు వంకరగా విప్పారని పదకొండుసార్లు బయటికి పంపారు. లోపల మీరూ మీ చుట్టాలూ కబుర్లు చెప్పుకుంటున్నారు. ఇది అందరి ఇల్లని ఎందుకు రాసుకున్నారు? ఆ బోర్డు పీకేయండి, గొడవ వదిలిపోతుంది.” కింద నూట అరవై మూడు చీటీల వివరం, సుద్దగీతల ఫొటో జతచేసింది.

మధ్యాహ్నానికల్లా ఫోన్ మోగింది. పెద్దాయన. గొంతు మెత్తగా ఉంది.

“ఏంటమ్మా అంత కోపం? నాతో ఒక్క మాట చెబితే పోయేది కదా.”

“పదకొండుసార్లు పంపాను సార్.”

“సరే సరే. ఇప్పుడే మీది తెరిచాను. బాగుంది. ఇవాళే ఓకే కొట్టేస్తా. ఈ రిలీజ్‌లోనే వెళ్లిపోతుంది, సరేనా? ఆ ఉత్తరం ఒక్కటి తీసేయండి. బయటివాళ్లు చూస్తే బాగోదు.”

ఎనిమిది నెలలుగా మూసుకుపోయిన తలుపు ఒక్క ఫోన్‌తో తెరుచుకుంది. “చదివారా సార్, నేను రాసింది?”

“మీరు ఇంత జాగ్రత్తగల మనిషి. మీరు రాసింది మళ్లీ చదవాలా?” అని నవ్వాడాయన.

“రేపు చెబుతాను,” అని పెట్టేసింది. పదకొండుసార్లు స్పేసులు లెక్కపెట్టిన మనిషికి పన్నెండోసారి చదవడమే అక్కర్లేదట. ఒళ్లు మండిపోయింది. అయినా ‘వద్దు’ అనే మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. తమ్ముడి బతుకు కదా.

సాయంత్రం తమ్ముడు డ్యూటీ దిగి రాగానే చెప్పింది. ముందు మరదలే అందుకుంది.

“ఇందులో ఆలోచించడానికేముంది వదినా? ఒప్పేసుకో. ఉత్తరాలు రేపు ఇంకోటి రాసుకోవచ్చు, పరీక్ష మళ్లీ రాదు.”

“ఇంకోటి రాస్తే ఎవరు నమ్ముతారే? మొదటిది అమ్ముకున్నదాన్ని.”

“అమ్ముకోవడమేంటి? మనదే కదా, మనకి రావాల్సిందే కదా!”

తమ్ముడు బూట్లు విప్పి గోడవారకు పెట్టాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు. “అక్కా, నలభై ఒకటో చీటీ గుర్తుందా?”

“బ్రెయిలీ పరికరం సంగతి.”

“అదే. వాడికి చూపూ లేదు, వినికిడీ లేదు. చుక్కల మీద వేళ్లు పెట్టి చదువుతాడు. ఆ చుక్కలు తప్పుగా లేస్తున్నాయని, తనే కూర్చుని సరిచేసి పంపాడు. రెండేళ్లయింది. నాకు కనీసం గడియారమైనా వినపడింది. వాడి ముందు నుంచి నన్ను దూరి పొమ్మంటావా?”

“నీతులు బాగానే ఉన్నాయి,” అంది మరదలు. “తొమ్మిదేళ్ల నుంచి టెంపరరీ, టెంపరరీ అంటూ ఏడుస్తున్నది మనమే కదా? ఇంకెన్నాళ్లండీ?”

“ఆసుపత్రిలో నన్ను దాటి ఎంతమంది పర్మనెంటయ్యారో నీకు తెలుసుగా? వాళ్లంతా ఇట్లా ఒక్క ఫోన్‌తోనే దాటారు. వాళ్లని తిట్టుకోని రోజుందా మనింట్లో?” అతను లేచి, గోడ తడుముకుంటూ లోపలికి పోయాడు. పోతూ పోతూ అన్నాడు. “నా పేరు చెప్పి మాత్రం ఒప్పుకోకక్కా. నీకు భయమేస్తే నీ పేరుతో ఒప్పుకో.”

ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. తెల్లారి ఫోన్ చేసి చెప్పింది. “వద్దు సార్. నాది వరుసలోనే రానివ్వండి. ఉత్తరం తియ్యను.”

“మీ ఇష్టం. ఆదివారం మీటింగులో మాట్లాడుకుందాం,” అన్నాడు పెద్దాయన. గొంతులో ఇప్పుడు మెత్తదనం లేదు.

ఆదివారం మీటింగుకు ఇరవై నాలుగు మంది వచ్చారు. అందరూ తెర మీద చిన్న చిన్న చదరాల్లో ఉన్నారు. మామూలుగా ఏడుగురు దాటరట. చెకింగక్క లైబ్రరీ మూల కంప్యూటర్ దగ్గర కూర్చుంది. పక్కన తమ్ముడు.

పెద్దాయనే మొదలుపెట్టాడు. “ఇక్కడ ఎవరికీ జీతాల్లేవు. పద్దెనిమిదేళ్ల నా ఆదివారాలు ఇందులో పోశాను. పిల్లల పెళ్లిళ్లలో కూడా ల్యాప్‌టాప్ పట్టుకుని కూర్చున్నాను. ఇవాళ ఎవరో వచ్చి నన్ను గేటు దగ్గర వాచ్‌మన్‌ని చేసి మాట్లాడితే బాధగా ఉంటుందమ్మా.”

“మీ ఆదివారాలకి దణ్ణం పెడతాను సార్. మీరు లేకపోతే మా తమ్ముడికి కంప్యూటరే లేదు,” అంది చెకింగక్క. “కానీ జీతం మీకొక్కరికే లేదనుకుంటున్నారా? రాసి పంపినవాడికుందా? రెండేళ్లు కాచుకున్నవాడికుందా? మీ ఆదివారం పోయింది నిజమే. వాళ్ల సంవత్సరాలు పోయాయి. ఆ లెక్క ఎవరు చూస్తున్నారు?”

“క్వాలిటీ గాలికొదిలెయ్యమంటారా మరి?”

“ఆ మాట మా మేనేజరు కూడా అనేవాడు.”

తర్వాత ఆమె చెప్పింది కోడ్ గురించి కాదు. ఫ్యాక్టరీ గురించి. మొదట్లో చెకింగ్ బల్లలు రెండే ఉండేవని. చొక్కాలు నడుమెత్తు గుట్టలు పడేవని. తప్పున్న చొక్కా వెనక్కి వస్తే కుట్టినావిడ దాన్ని సరిచేసి గుట్ట అడుగున పెట్టాల్సి వచ్చేదని, మళ్లీ పైకి వచ్చేసరికి ఎవరు కుట్టారో ఎవరికీ గుర్తుండేది కాదని. ఒకరోజు పొద్దున రెండు వందల మంది ఆడవాళ్లు మిషన్లు ఆపి చేతులు కట్టుకుని కూర్చున్నారని.

“నేనూ కూర్చున్నాను. సాయంత్రానికి పద్ధతి మారింది. ఎవరి దయా కాదు సార్, మేం మార్పించాం. వెనక్కొచ్చిన చొక్కాకి దాని నంబరు దానికే ఉండాలన్నాం. సరిచేయగానే తన చోటికే రావాలి, అడుక్కి కాదు. తప్పులన్నీ ఒకేసారి సుద్దతో గీసివ్వాలన్నాం. ఇవాళ కాలరు, రేపు గుండీ అంటే కుదరదు. గుట్ట మోకాలు దాటితే కుట్టడం ఆపి, కుట్టేవాళ్లే నలుగురు లేచి చెకింగ్‌కి రావాలన్నాం. అన్నిటికంటే ముందు, చెకింగావిడ తన బల్ల వదిలి మిషను దగ్గరికెళ్లి, ఇదిగో ఇక్కడ అని చూపించాలన్నాం. కాగితం మీద రాసి విసిరేయడం కాదు. ఇక్కడా అంతే చెయ్యండి. స్పేసులూ కామాలూ కంప్యూటరే పట్టుకుంటుంది, మనుషులెందుకు దానికి? మనిషి చూడాల్సింది అది ఎవరి కోసం, పనిచేస్తుందా లేదా అని. ఇక ఆ డాక్టరుగారు... రెండేళ్లుగా ఆయన కుర్చీకి మనం మొక్కుతున్నాం. ఫొటోకి దండ ఒక్కటే తక్కువ.”

ఎవరో కిసుక్కున నవ్వారు. అంతవరకూ మాట్లాడని లెక్కల టీచరమ్మ గొంతు సవరించుకుంది. “నేనొకటి అడగనా? ఈ చీటీల్లో సగం నా పేరు మీద కూడా ఉన్నాయి. పెద్దాయన చూశాక చూద్దామని ఊరుకున్నాను. ఆయన చూడకుండా నేను ముట్టుకుంటే బాగోదని.”

“అదేంటి టీచర్?” పెద్దాయన తెల్లబోయాడు. “అవి మీరు చూస్తున్నారనే కదా నేను వదిలేసింది!”

ఒకరి మర్యాద కోసం ఇంకొకరు ఆగి, మధ్యలో ఎనభై మంది పనిని పాతిపెట్టారు. చెకింగక్కకు నవ్వాలో అరవాలో తెలియలేదు. తమ్ముడే మైకు దగ్గరికి వంగి అన్నాడు. “మీరిద్దరూ ఒక్కసారి ఫోన్ చేసుకుని ఉంటే, మా అక్కకి ఈ ఎనిమిది నెలలు మిగిలేవి సార్.”

రిలీజ్ దాకా కొత్త పద్ధతి పాటించి చూద్దామని ఒప్పుకున్నారు. జాబితాను మొదట వచ్చిన తేదీ ప్రకారం పేర్చారు. అడ్డదారి మెసేజ్‌లు బంద్. గుట్ట సగానికి తగ్గేదాకా ఎవరూ కొత్తది రాయకూడదు, వచ్చిన ఇరవై నాలుగు మందీ చెకింగ్‌కి కూర్చోవాలి. చెకింగక్కకూ ఓకే కొట్టే అధికారం ఇచ్చారు. ఎవరిది వాళ్లు కొట్టుకోకూడదు, అంతే.

ఆ వరుసలో ఆమె మార్పు యాభై ఏడోది. ముందున్న యాభై ఆరూ కదిలితే గానీ తనది కదలదు. లైబ్రరీలో ఒంటరిగా దొరికిన ప్రతి గంటా ఆమె ఎవరివో మార్పులు చదివింది. రాసినవాళ్లకు ఫోన్ చేసి, తెర ఎదురుగా పెట్టుకుని, ఇదిగో ఇక్కడ అని చూపించింది. నలభై ఒకటో చీటీ అతను ఫోన్లో వినలేడు కాబట్టి రాతలోనే మాట్లాడుకున్నారు. అతనిది మొదటి వారంలోనే ఓకే అయింది. “రెండేళ్లలో నన్ను ప్రశ్న అడిగిన మొదటి మనిషివి నువ్వే” అని రాశాడు. సంతోషించాల్సిన మాట. ఆమెకు మాత్రం ఇంకాస్త మండింది.

రిలీజ్ ఇంకో మూడు రోజులుందనగా యాభై ఏడో నంబరు వచ్చింది. చూసింది టీచరమ్మ. ఎవరి తెర ముందు వాళ్లు, ఫోన్లో గొంతులు, చెకింగక్క పక్కన తమ్ముడు. టీచరమ్మ ఒక్కొక్క లైనూ పైకి చదివింది. అరవయ్యో లైను దగ్గర ఆగింది.

“ఈ మూలన ఏం వచ్చినా నోరు మూసుకోమని రాశారు కదా. అక్కడ గడియారం ఒక్కటే వస్తుందా?”

“గడియారమే అండీ.”

“ఇంకేమీ రాదా? బాగా ఆలోచించండి.”

చెకింగక్క తమ్ముడి వైపు చూసింది. అతను నుదురు రుద్దుకుంటున్నాడు. “జవాబు సేవ్ కాకపోతే ఎర్రగా ఏదో వస్తుందట అక్కా, ఆ మూలనే. పోయినేడాది పక్క కుర్చీవాడు ఇన్విజిలేటర్ని పిలిచి గొడవపడ్డాడు.”

ఆమె అరవయ్యో లైను మళ్లీ చదివింది. గడియారంతో పాటు ఆ హెచ్చరిక నోరు కూడా కుట్టేసింది తను. ప్రశ్నలన్నీ హాయిగా వినపడేవి. జవాబులన్నీ పెట్టేవాడు. ఒక్కటీ సేవ్ కాకపోయినా తెలిసేది కాదు. పందొమ్మిదేళ్లు ఊరందరి కుట్లూ లాగి చూసిన చేతులు సొంత కుట్టు లాగి చూడలేదు. తన మీద తనకే ముంచుకొచ్చిన కోపంలో ఆ మెత్తని గొంతు గుర్తుకొచ్చింది. ‘మీరు రాసింది మళ్లీ చదవాలా?’ ఆ రోజు ఊఁ అని ఉంటే, ఆ దయే తమ్ముణ్ని ముంచేది.

“తోకలోకి పోతుందా ఇప్పుడిది?” భయంగా అడిగింది.

“పోదు. మీరు పెట్టించిన పద్ధతే కదా. నంబరు దానికే ఉంది. కూర్చుని సరిచేయండి, నేను ఫోన్ పెట్టను.”

మూడు గంటలు పట్టింది. టీచరమ్మ ఓకే కొట్టాక, పెద్దాయన కూడా ఆ మార్పు తెరిచాడు. ఆయన దగ్గర్నుంచి రెండు ప్రశ్నలు వచ్చాయి. రెండూ స్పేసుల గురించి కాదు. ఈసారి చదివాడు.

రిలీజ్ అయిన రోజే తమ్ముడు పరీక్షల ఆఫీసుకు అర్జీ పెట్టాడు, కొత్త వెర్షన్ వేయమని. పరీక్షకు ఎనిమిది రోజులుందనగా ఇద్దరూ కనుక్కోవడానికి వెళ్లారు. కింద కౌంటరు గుమాస్తా తలెత్తకుండానే చెప్పాడు.

“పాత వెర్షనే ఉంటుంది. మార్చాలంటే పర్మిషన్ రావాలి. నెల పడుతుంది.”

“పరీక్ష ఎనిమిది రోజుల్లో ఉందండీ.”

“నేనేం చెయ్యను? అర్జీ ప్రాసెస్‌లో ఉంది.”

చెకింగక్క కౌంటరు మీద రెండు చేతులూ ఆనించింది. “ప్రాసెస్‌కి కూడా ఒక బల్ల ఉంటుంది కదండీ. ఎవరి బల్ల మీద ఆగింది?”

గుమాస్తా మొదటిసారి ఆమె మొహం చూశాడు. ఏం కనపడిందో ఏమో, “మూడో అంతస్తు, కిటికీ పక్కన,” అన్నాడు.

మూడో అంతస్తులో కిటికీ పక్కన ఒక అధికారి ఉన్నాడు. ఆయన ముందు ఒక గుట్ట ఉంది. గుట్ట మీద కళ్లజోడు పెట్టి ఉంది.

“ఇట్లా పైకొచ్చేస్తే ఎలాగమ్మా? అన్నీ వరుసలో చూడాలి.”

“వరుసలోనే చూడండి సార్. మాది ఎన్నోది?”

ఆయన విసుక్కుంటూ వేళ్లతో అంచులు లెక్కపెట్టాడు. “పన్నెండు.”

“సరే. మొదటిది తియ్యండి. మేం నిలబడతాం.”

“ఇప్పుడా?”

“ఇప్పుడే. పదకొండూ అయ్యాకే మాది చూడండి. ముందు చూస్తానన్నా ఒప్పుకోను.”

ఆయన ఆమెను చూశాడు, నల్ల కళ్లజోడు పెట్టుకున్న తమ్ముణ్ని చూశాడు, గది చూశాడు. మిగతా బల్లల దగ్గర టైపింగ్ ఆగిపోయింది. మొదటి కాగితం తీశాడు. చక్రాల కుర్చీ పట్టే బల్ల కావాలని ఎవరిదో అర్జీ. సంతకం పెట్టాడు. రెండోది. చెయ్యి సరిగా లేని అమ్మాయికి ఇంకో అరగంట సమయం. సంతకం. ప్రతి కాగితం మీదా ఒక మనిషి, ప్రతి మనిషికీ అదే తేదీన పరీక్ష. పన్నెండు కాగితాలకు మొత్తం యాభై నిమిషాలు పట్టింది. నెల పడుతుందన్న పని.

“ఇంత కోపమెందుకమ్మా, అయిపోయిందిగా,” అన్నాడు అధికారి, ఆఖరి సంతకం మీద ముద్ర కొడుతూ.

“అయిపోయేదే కదా సార్. అందుకే కోపం.”

కింద కంప్యూటర్ హాల్లో గుమాస్తా కొత్త వెర్షన్ వేశాడు. నమూనా పరీక్ష తెరిచాడు. తమ్ముడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, మీటల మీద వేళ్లు ఆనించాడు. తెర పైమూలన గడియారం నడవడం మొదలుపెట్టింది. యాభై తొమ్మిది నిమిషాల యాభై ఎనిమిది. యాభై ఏడు. యాభై ఆరు. చెకింగక్క తమ్ముడి వైపు వంగింది. అతని మొహంలో ఏమీ తెలియడం లేదు.

“ఒరేయ్, ఏం వినపడుతోందిరా?”

“మొదటి ప్రశ్న,” అన్నాడతను. ఆమె ఇంకేదో అడగబోతే చేయెత్తి ఆపాడు. “ఉండక్కా, విననీ.”